ఇల్లు కాలినవాళ్ళకు ఏం చేయాలి, ఇంట్లో పిల్లలకు ఏం చెప్పాలి: కాలిఫోర్నియా తెలుగువాళ్ళకు సమగ్ర మార్గదర్శి

2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఒకే రోజు రెండు పెద్ద కార్చిచ్చులు మొదలయ్యాయి. పొద్దున పసిఫిక్ పాలిసేడ్స్‌లో ఒకటి, సాయంత్రం ఆల్టడీనా పక్కన ఈటన్ లోయలో ఇంకొకటి. ఎడారి వైపు నుంచి వీచే శాంటా ఆనా అనే పొడి గాలులు కొన్నిచోట్ల గంటకు 80 మైళ్ళు దాటి వీచాయి. ఆ గాలికి నీళ్ళు చల్లే విమానాలు, హెలికాప్టర్లు చాలాసేపు ఎగరలేకపోయాయి. జనవరి 31కి రెండూ పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి 16,000కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. 30 మందికి పైగా చనిపోయారు.

ఇలాంటప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్రశ్నలు తిరుగుతాయి. "మనం ఏం పంపుదాం?" అనేది ఒకటి, "పిల్లలు అడుగుతున్నారు, ఏం చెప్పాలి?" అనేది రెండోది. మొదటిదానికి చటుక్కున వచ్చే జవాబు పాత బట్టలు. రెండోదానికి "వాళ్ళకెందుకు చెప్పడం, అనవసరంగా టెన్షన్ పడతారు" అన్న మాట. నా లెక్కలో రెండూ తప్పే, రెంటికీ మూలం కూడా ఒకటే: అవతలివాళ్ళను అడగకుండా, మనకు సులువైన పని చేసేయడం. కాబట్టి కింద రాసిన ప్రతి దశలోనూ అడగడం ముందు, ఇవ్వడం తర్వాత.

1. ముందు మీ ఇల్లు చూసుకోండి

పొగలో ఉన్న ఇంటి నుంచి ఎవరికీ సాయం చేయలేం. ఫోన్‌లో వాచ్ డ్యూటీ యాప్ పెట్టుకోండి. మంట ఎటు కదులుతోందో, ఏ ప్రాంతాన్ని ఖాళీ చేయమన్నారో అందులో తెలుస్తుంది. మీ ఇల్లు ఏ ఇవాక్యుయేషన్ జోన్‌లో ఉందో దాని నంబరు ముందే రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

గాలి నాణ్యత చూపే ఏక్యూఐ 150 దాటితే పిల్లల్ని బయట ఆడుకోనివ్వకండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పొగ విషయంలో ఏక్యూఐ లెక్కలోకి ముఖ్యంగా వచ్చేది సన్నని కణాలు. కిటికీ గట్టు మీద కంటికి కనిపించే బూడిద రేణువులు ఆ అంకెలోకి సరిగ్గా రావు. కారు మీద బూడిద పడుతుంటే, ఫోన్‌లో ఆకుపచ్చ రంగు కనిపించినా లోపలే ఉండండి. ఒక గదిలో ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టి రాత్రి అందరూ అక్కడే పడుకోండి. ప్యూరిఫయర్ దొరక్కపోతే ఒక బాక్స్ ఫ్యాన్‌కు నాలుగు మెర్వ్-13 ఫిల్టర్లను డబ్బాలా టేపుతో అతికించి వాడొచ్చు. ఇంట్లో అగరొత్తులు, సాంబ్రాణి, పోపు పొగ ఆ రోజుల్లో బాగా తగ్గించాలి. అత్తగారికి చెప్పడం కష్టమే కానీ చెప్పాల్సిందే.

2. మొదటి వారం: ఏం పంపాలి

జనవరి మంటల సమయంలో శాంటా అనిటా గుర్రప్పందాల మైదానం పార్కింగ్ స్థలం విరాళాల కేంద్రంగా మారింది. రోజుల్లోనే అక్కడ బట్టలు గుట్టలుగా పేరుకుపోయాయి. వాటిని విడదీయడానికి మనుషులు కావాలి, పెట్టడానికి చోటు కావాలి. చాలా కేంద్రాలు ఇక బట్టలు తేవద్దని చెప్పాల్సి వచ్చింది. మన అల్మారా ఖాళీ అయిన తృప్తి మనది, దాన్ని మోసే చాకిరీ వాళ్ళది.

మీకు ఆ కుటుంబం నేరుగా తెలిస్తే ఒక్క మెసేజ్ పెట్టండి: "ఈ రోజు మీకు ముగ్గురు మనుషుల సైజుల్లో లోదుస్తులు, సాక్సులు, ఫోన్ ఛార్జర్లు కొని తేగలను. సైజులు పంపండి. జవాబు ఇవ్వాలన్న తొందర లేదు." అవును, కొత్త లోదుస్తులే. పాతవి ఎవరూ ఇవ్వరు, కొత్తవి ఎవరికీ గుర్తుకు రావు. ఇంకోటి సూట్‌కేసు. హోటల్ గదిలో ఉన్న కుటుంబానికి పది మంది పది సంచుల్లో సామాన్లు తెచ్చి ఇస్తారు. రెండు రోజుల తర్వాత వాళ్ళు ఇంకో హోటల్‌కు మారాల్సి వస్తే అవన్నీ పెట్టుకునే పెట్టె ఉండదు.

వంట సంగతి. మనవాళ్ళు వండి పెట్టడంలో ఎవరికీ తీసిపోరు. అయితే హోటల్‌లో ఉన్నవాళ్ళకు స్టీలు డబ్బాల్లో పప్పు, కూర, సాంబారు పంపితే వాళ్ళు వేడి చేయలేరు, డబ్బాలు కడగలేరు, తిరిగి ఇవ్వాలన్న బరువు ఒకటి మీద పడుతుంది. పారేసే డబ్బాల్లో పులిహోర, పెరుగన్నం, చపాతీలు నయం. స్పూన్లు, పేపర్ ప్లేట్లు కూడా వేయండి. తెలుగువాళ్ళు కాకపోతే అలర్జీల గురించి అడగండి. మన వంటల్లో జీడిపప్పు, వేరుశనగ ఎక్కడ దాగుందో వాళ్ళకు తెలియదు. ఏదీ తోచకపోతే ఏ షాపులోనైనా పనిచేసే గిఫ్ట్ కార్డు ఇవ్వండి. అందులో చిన్నతనమేమీ లేదు.

సొంతంగా కారేసుకుని కాలిన ప్రాంతానికి వెళ్ళకండి. రోడ్లు ఫైరింజన్లకు కావాలి. చేతులతో పని చేయాలనుంటే ఫుడ్ బ్యాంకులో పేరిచ్చుకోండి. లాస్ ఏంజెలెస్ రీజనల్ ఫుడ్ బ్యాంకుకు మంటల వారంలోనే కాదు, ఏడాదంతా మనుషులు కావాలి.

3. డబ్బు ఇచ్చేటప్పుడు

గోఫండ్‌మీ లింకు ఫార్వర్డ్ అయి వచ్చిందంటే దాన్ని పంపినవాళ్ళకు ఆ కుటుంబం నిజంగా తెలుసా అని అడగండి. "ఫలానా అన్న పంపాడు" అనేది జవాబు కాదు. సంస్థకు ఇస్తుంటే దాతృత్వ సంస్థల్ని పరిశీలించే చారిటీ నావిగేటర్ వెబ్‌సైట్‌లో గానీ, కాలిఫోర్నియా అటార్నీ జనరల్ దగ్గర నమోదైన సంస్థల జాబితాలో గానీ పేరు వెతకండి. మంట పుట్టిన మరునాడే పుట్టిన సంస్థల జోలికి పోకండి. జెల్ (Zelle)లోనో, బ్యాంకు వైర్‌లోనో పంపమనేవాళ్ళను, గిఫ్ట్ కార్డు నంబరు అడిగేవాళ్ళను అక్కడే ఆపేయండి.

ఇచ్చే డబ్బును రెండు ముక్కలు చేయమంటాను. సగం ఇప్పుడు ఇవ్వండి. మిగతా సగం ఆరు నెలల తర్వాత, కాలిఫోర్నియా కమ్యూనిటీ ఫౌండేషన్, పాసడీనా కమ్యూనిటీ ఫౌండేషన్ లాంటి దీర్ఘకాల సాయం చూసే స్థానిక సంస్థలకు ఇవ్వండి. టీవీ కెమెరాలు వెళ్ళిపోయాకే అద్దెలు, అప్పులు మొదలవుతాయి. ఆల్టడీనాలో తరాలుగా సొంత ఇళ్ళలో ఉంటున్న నల్లజాతి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ సమస్య ఒక వారంలో తీరేది కాదు.

4. నోటి మాట

ఇల్లు పోయినవాళ్ళతో మనం అనే మాటలు చూడండి. "పోనీలెండి, ప్రాణాలు దక్కాయి." "వస్తువులేగా, మళ్ళీ కొనుక్కోవచ్చు." "ఇన్సూరెన్స్ ఉందిగా?" "గృహప్రవేశం ముహూర్తం ఎవరు పెట్టారు?" చివరిది నిజంగానే అడుగుతారు. దిష్టి, వాస్తు, కర్మ, ఈ మూడు మాటలూ కనీసం ఏడాదిపాటు నోట రానివ్వకండి. ప్రాణాలు దక్కాయన్న మాట వాళ్ళు అనుకుంటే సరే, మనం అంటే "ఇక ఏడవకు" అని చెప్పినట్టే.

"ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి" అనే మాట కూడా పనికిరాదు. మన దగ్గర ఎవరూ అడగరు. ఏం చేయగలరో మీరే చెప్పండి: "రేపు మూడింటికి పిల్లల్ని స్కూల్ నుంచి నేను తీసుకొస్తాను వదినా, సాయంత్రం దాకా మా ఇంట్లోనే ఉంటారు." దీనికి సరే అనడమో వద్దనడమో తేలిక.

ఇల్లు నిలిచి, లోపలంతా పొగ పట్టినవాళ్ళనూ మరిచిపోకండి. "మీ ఇల్లు బాగానే ఉందిగా, అదృష్టవంతులు" అని అందరూ అంటారు. వాళ్ళేమో నెలల తరబడి ఆ ఇంట్లో పడుకోలేక, ఇన్సూరెన్స్ కంపెనీతో వాదించుకుంటూ ఉంటారు.

ఇంట్లో చోటిస్తే మొదటి రోజే తాళంచెవి, వైఫై పాస్‌వర్డ్ ఇవ్వండి, ఎన్ని వారాలు ఇవ్వగలరో కూడా చెప్పండి. "ఎన్నాళ్ళైనా ఉండండి" అని రెండో నెలలో మొహం ముడుచుకోవడం కంటే "మూడు వారాలు మీదే ఈ గది" అనడం మర్యాద. వాళ్ళను చూడడానికి మీ స్నేహితుల్ని పిలవకండి.

5. కాగితాల పని

మన తెలుగువాళ్ళు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇక్కడే. ఫారాలు నింపడం, ఎక్సెల్ షీట్లు చేయడం, గంటలకొద్దీ ఫోన్‌లో హోల్డ్‌లో ఉండడం మనకు అలవాటైన విద్యలు. ఒక సాయంత్రం ల్యాప్‌టాప్, స్కానర్ పట్టుకుని వెళ్తే పది పెట్టెల బట్టల కంటే మేలు.

ఫెమా (విపత్తుల్లో సాయం చేసే ఫెడరల్ సంస్థ): డిజాస్టర్ అసిస్టెన్స్ డాట్ గవ్‌లో గానీ 1-800-621-3362కు ఫోన్ చేసి గానీ దరఖాస్తు పెట్టాలి. గడువు ఉంటుంది కాబట్టి ఇన్సూరెన్స్ తేలేదాకా ఆగకూడదు. 2025లో తక్షణ అవసరాల కింద అర్హులైన కుటుంబానికి 770 డాలర్లు ఇచ్చారు. అద్దె, మరమ్మతుల సాయం వేరు. "అర్హత లేదు" అని ఉత్తరం వస్తే చాలామంది అక్కడితో వదిలేస్తారు. చాలాసార్లు దాని అర్థం ఒక కాగితం తక్కువైందని, ముఖ్యంగా ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన సెటిల్మెంట్ లేదా తిరస్కరణ పత్రం లేదని. 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. ఫెమా నగదు సాయం అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు, శరణార్థుల వంటి కొన్ని వర్గాలకే వస్తుంది. హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్న పెద్దవాళ్ళకు రాదు. కానీ ఇంట్లో ఇక్కడ పుట్టిన 18 ఏళ్ళలోపు పిల్లో పిల్లాడో ఉంటే వాళ్ళ తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేయొచ్చు. "మనకు రాదులే" అని ఊరుకుంటే ఇది చేజారిపోతుంది. షెల్టర్, భోజనం, కౌన్సెలింగ్, ఉచిత న్యాయ సలహా అయితే వీసా ఏదైనా అందుతాయి. ఇల్లు మారిన పది రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు అడ్రసు మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం పంపడం మరిచిపోకూడదు. ఇంటి నుంచి పని చేసే హెచ్-1బీ వాళ్ళు వేరే మెట్రో ప్రాంతానికి మారుతుంటే ముందు కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. ఐ-94 ఆన్‌లైన్‌లో ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు. ఐ-797 కాపీలు కంపెనీ దగ్గరో లాయర్ దగ్గరో ఉంటాయి. భారత పాస్‌పోర్టు కాలిపోతే కొత్తదానికి పోలీసు రిపోర్టు కావాలి, దాన్ని త్వరగా తీసుకోవాలి.

ఇన్సూరెన్స్: అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్ళు కూడా ఒకసారి చూసుకోవాలి. లీజు సమయంలో తప్పనిసరి అని తీసుకుని మరిచిపోయిన రెంటర్స్ పాలసీ ఉండే ఉంటుంది. అందులో సామాన్లతో పాటు బయట ఉండాల్సి వచ్చినప్పటి అదనపు ఖర్చులు కూడా ఉంటాయి. దాన్ని ఏఎల్ఈ అంటారు. లాస్ ఏంజెలెస్ మంటల నాటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం, ఎమర్జెన్సీ ప్రకటించాక ఇల్లు పూర్తిగా పోతే అడిగినవాళ్ళకు కనీసం నాలుగు నెలల జీవన ఖర్చులు ముందే ఇవ్వాలి. సామాన్ల కింద, ఇంటి కట్టడానికి ఉన్న కవరేజీ మొత్తంలో కనీసం 30 శాతాన్ని వివరమైన జాబితా లేకుండానే ఇవ్వాల్సి ఉండేది. దానికి 2,50,000 డాలర్ల పరిమితి ఉండేది. ఆ తర్వాత నిబంధనలు మారి ఉండొచ్చు కాబట్టి రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు ఫోన్ చేసి అడగండి. ఏ ఫోన్ కాల్ అయినా తేదీ, మాట్లాడినవాళ్ళ పేరు, చెప్పిన మాట ఒక నోట్‌బుక్‌లో రాయించండి.

జాబితా లేకుండా ఇచ్చేదానికి మించి రావాలంటే జాబితా కావాలి. ఇది మనుషుల్ని కుంగదీసే పని, ఎందుకంటే పోయిన ప్రతి వస్తువునూ మళ్ళీ తలుచుకోవాలి. అందుకే పక్కన ఎవరైనా కూర్చోవాలి. గది గదికీ వెళ్ళినట్టు ఊహించుకుంటూ చేయండి: తలుపు తెరిచాక ఎడమవైపు ఏముంది, దాని పైన ఏముంది. అమెజాన్ ఆర్డర్ల చరిత్ర, కాస్ట్‌కో రసీదులు డౌన్‌లోడ్ చేయండి. పుట్టినరోజు ఫొటోల్లో కేకు వెనకాల సోఫా, టీవీ, పుస్తకాల అర కనిపిస్తాయి. బొమ్మల కొలువు ఫొటో ఒక్కటి దొరికితే హాల్లో సగం సామాను లెక్క తేలుతుంది.

మన వస్తువుల విలువ ఇక్కడి అడ్జస్టర్‌కు, అంటే నష్టం లెక్కకట్టే ఇన్సూరెన్స్ మనిషికి తెలియదు. "చీరలు - 40" అని ఒక్క వరుసలో రాసేస్తే గుడ్డముక్కల ఖరీదు వేస్తారు. కంచి పట్టుచీర, జరీ, కొన్న ఊరు, ఏడాది, ఇప్పుడు అదే షాపులో ధర, ఆ చీర కట్టుకున్న పెళ్ళి ఫొటో, ఇవన్నీ ఒక్కో చీరకు ఒక్కో వరుసలో పెట్టాలి. వెండి పూజసామాన్లు, ఇత్తడి బిందెలు, వెట్ గ్రైండర్ కూడా అంతే. నగలకు పాలసీలో విడిగా పరిమితి ఉందేమో చదవాలి. ఊళ్ళో పిన్నికి ఫోన్ చేసి పాత బిల్లుల ఫొటోలు పంపమని అడిగే పని మీరు తీసుకోండి. ఆ ఫోన్‌లో జరిగిందంతా మళ్ళీ చెప్పుకునే బాధ వాళ్ళకు తప్పుతుంది.

స్కూలు, అద్దె: ఇల్లు పోయిన పిల్లలకు మెకిన్నీ-వెంటో అనే ఫెడరల్ చట్టం అండగా ఉంది. వేరే ఊళ్ళో తలదాచుకున్నా పాత స్కూల్లోనే చదువు కొనసాగించొచ్చు, దానికి రవాణా సాయం అడగొచ్చు. కొత్త స్కూల్లో అయితే టీకాల కాగితాలు, అడ్రసు రుజువు చేతిలో లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి. ఇక అద్దె ఇల్లు వెతికేవాళ్ళకు ఒక మాట: ఎమర్జెన్సీ ప్రకటించాక కాలిఫోర్నియాలో ధరలు, అద్దెలు పది శాతానికి మించి పెంచడం నేరం. పాత లిస్టింగ్ స్క్రీన్‌షాట్ దొరికితే దాచి, అటార్నీ జనరల్ ఆఫీసుకు ఫిర్యాదు చేయండి.

6. బూడిద జోలికి పిల్లల్ని పంపకండి

"మనమే వెళ్ళి శుభ్రం చేసేద్దాం" అనేది మంచి మనసే కానీ ప్రమాదం. కాలిన ఇంటి బూడిదలో సీసం, ఆస్బెస్టాస్, కార్లూ ల్యాప్‌టాప్‌ల లిథియం బ్యాటరీల అవశేషాలు ఉంటాయి. ఆల్టడీనా, పాలిసేడ్స్‌లో ప్రమాదకర పదార్థాలను ముందు ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ తీసింది, తర్వాత శిథిలాలను ఆర్మీ ఇంజనీర్ల దళం ఎత్తింది. దానికి ఇంటి యజమాని అనుమతి పత్రం నింపాలి, ఆ ఫారానికి సాయం చేయండి. తాళిబొట్టు, విగ్రహం లాంటివి వెతకాలని పెద్దవాళ్ళు వెళ్తే ఎన్95 మాస్కు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, కారెక్కే ముందు తీసేసే బూట్లు ఉండాలి. గడ్డం ఉన్నవాళ్ళకు ఎన్95 సరిగ్గా అంటదు. పిల్లలు, గర్భిణులు ఇంటి దగ్గరే ఉండాలి. నీళ్ళు తాగొద్దన్న నోటీసు ఉన్నచోట మరగబెట్టినా ఆ నీళ్ళు పనికిరావు, రసాయనాలు మరిగితే పోవు.

7. పిల్లలతో మాట్లాడడం

ముందు ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మాట మీదకు రావాలి. అమ్మ ఒకటి, నాన్న ఒకటి, తాతయ్య ఇంకొకటి చెబితే పిల్లలు మూడూ కలిపి అన్నిటికంటే భయంకరమైనది తయారుచేసుకుంటారు. టీవీ ఆపండి. ఒకే ఇల్లు కాలుతున్న వీడియోను పదిసార్లు చూపిస్తే నాలుగేళ్ళ పాప లెక్కలో పది ఇళ్ళు కాలినట్టు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, నాన్నమ్మ యూట్యూబ్‌లో తెలుగు వార్తలు పెట్టుకుంటే ఆ కేకల సంగీతం ఇల్లంతా వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ ఇచ్చి, ఎందుకో నెమ్మదిగా చెప్పండి. రాత్రి పూట "మంటలు మీ ఇంటి దగ్గరేనా?" అని ఊరి నుంచి వచ్చే ఫోన్లను కారులో స్పీకర్‌లో ఎత్తకండి. వెనక సీట్లో పిల్ల ఐప్యాడ్ చూస్తున్నట్టే ఉంటుంది, ప్రతి మాటా వింటుంది.

తర్వాత అడగండి: "స్కూల్లో దీని గురించి ఏమనుకుంటున్నారు? నువ్వేం విన్నావు?" వాళ్ళకు ఏం తెలుసో తెలియకుండా మొదలుపెడితే లేని భయాలు మనమే పెట్టినవాళ్ళమవుతాం. ఇక్కడ పుట్టిన పిల్లలకు మనసులో మాట ఇంగ్లిష్‌లోనే వస్తుంది. ఆ రోజు తెలుగులో చెప్పమని బలవంతం చేయొద్దు.

అడిగినదానికే జవాబు చెప్పండి, అబద్ధం చెప్పకండి. ఏడేళ్ళ పిల్లతో ఒక సంభాషణ ఇలా ఉండొచ్చు:

"అమ్మా, మన ఇల్లు కూడా కాలిపోతుందా?"

"మంట ఇప్పుడు మనకు దూరంగా ఉంది కన్నా. దగ్గరికి వస్తుంటే ఫోన్‌లో చెబుతారు. చెప్పగానే మనం కారెక్కి ఇర్వైన్‌లో అత్త వాళ్ళింటికి వెళ్ళిపోతాం."

"నా కుందేలు బొమ్మ?"

"దాన్ని సంచిలో ఇప్పుడే పెట్టేద్దాం రా."

ఇందులో మూడు సంగతులున్నాయి: ఇప్పటి పరిస్థితి, ఎలా తెలుస్తుంది, మనం ఏం చేస్తాం. "ఛీ, అపశకునం మాటలు" అంటే పిల్ల అడగడం మానేస్తుంది, భయపడడం మానదు. "మన ఇల్లు ఎప్పటికీ కాలదు" అన్నా అంతే, పక్క క్లాసు పిల్లాడి ఇల్లు కాలిందని వాళ్ళకు తెలుసు.

ఐదేళ్ళలోపు పిల్లలకు రెండు వాక్యాలు చాలు. వాళ్ళకు కావలసింది ఒళ్ళో చోటు, రోజూ తినే వేళకు అన్నం, రోజూ చెప్పే కథ. మానేసిన బొటనవేలు చీకడం, పక్క తడపడం మళ్ళీ మొదలుకావొచ్చు. తిట్టకండి, వెక్కిరించకండి. లెగో ఇళ్ళకు నిప్పంటించి ఫైరింజన్ ఆట పదే పదే ఆడితే కంగారుపడి ఆపకండి, వాళ్ళు జరిగిందాన్ని అలాగే అర్థం చేసుకుంటారు. ఆటలో ఎవరూ ఎప్పటికీ బయటపడకపోతే మాత్రం మీరూ కూర్చుని "హెలికాప్టర్ వచ్చింది, ఇప్పుడు గాలి తగ్గింది, నీళ్ళు పోద్దామా?" అనండి.

ఆరు నుంచి పదకొండేళ్ళవాళ్ళకు ఎలా, ఎందుకు అన్నవి కావాలి. లోపలి ఎడారి నుంచి సముద్రం వైపు పొడి గాలి వీస్తుందని, ఆ చలికాలం వాన పడక గడ్డి, పొదలు ఎండిపోయాయని, గాలి తగ్గగానే విమానాలు ఎగిరాయని చెబితే భయం తగ్గి ఆసక్తి పెరుగుతుంది. తమ వల్లే జరిగిందేమో అని కూడా ఈ వయసువాళ్ళు అనుకుంటారు. "నువ్వేం చేయలేదు, నీ తప్పేం లేదు" అని పైకి చెప్పండి.

టీనేజ్ పిల్లలకు మీకంటే ముందే అంతా తెలిసిపోతుంది, అందులో సగం అబద్ధం. 2025 జనవరిలో హాలీవుడ్ బోర్డు కాలిపోతున్న బొమ్మలు ఏఐతో తయారై తెగ తిరిగాయి. ఆ బోర్డుకు ఏమీ కాలేదు. జనవరి 9న అయితే ఖాళీ చేయమన్న అధికారిక హెచ్చరికే పొరపాటున దాదాపు కోటిమంది ఉన్న కౌంటీ అంతటికీ వెళ్ళింది. ఈ రెండూ వాళ్ళ ముందు పెట్టి, "ఏది నిజమో మనం ఎలా తేల్చుకుందాం?" అని అడిగి చూడండి. ఉపన్యాసం కంటే బాగా పనిచేస్తుంది.

మన ఇళ్ళలో ఇంకో బలం ఉంది. 1977 దివిసీమ ఉప్పెనో, 2014లో విశాఖను చుట్టేసిన హుద్‌హుద్ తుపానో చూసిన తాతయ్యలు, అమ్మమ్మలు ఉన్నారు. చెప్పనివ్వండి. కాకపోతే ముందే ఒక మాట అనుకోండి: శవాల లెక్కలు వద్దు. తర్వాత ఎవరింట్లో తిన్నారు, బడి మళ్ళీ ఎప్పుడు తెరిచారు, ఇల్లు ఎలా లేపారు, ఇవి చెప్పాలి. పిల్లలు కథ చివర ఏమైందన్నదే పట్టుకుంటారు.

క్లాసులో ఇల్లు పోయిన పిల్లలుంటే, ఏం అనాలో నేర్పించి పంపండి. "నీ బొమ్మలన్నీ పోయాయా?" అని అడగొద్దని, ఎప్పటిలా ఆటకు పిలవమని చెప్పండి. పాలిసేడ్స్ ఎలిమెంటరీ, మార్కెజ్ ఎలిమెంటరీ పిల్లలను వేరే స్కూళ్ళ ఆవరణలకు మార్చారు. కొత్త బాత్రూమ్ ఎక్కడుందో తెలియని రోజున పక్కన ఒక నేస్తం ఉంటే చాలు.

పనేదైనా ఇవ్వండి. ఆల్టడీనాలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, తన ఈడు పిల్లలకు ఎవరో వదిలేసిన బట్టలు కాకుండా నచ్చే బట్టలు, షాంపూలు కావాలని మొదలుపెట్టిన ప్రయత్నమే ఆల్టడీనా గర్ల్స్ అనే సంస్థ అయింది. మన పిల్లలు అంత చేయక్కర్లేదు. వాళ్ళ ఎమర్జెన్సీ సంచి వాళ్ళే సర్దుకోవాలి: ఒక జత బట్టలు, టార్చి, ఒక బొమ్మ, కుటుంబం ఫొటో, వేరే రాష్ట్రంలో ఉన్న ఒక బంధువు ఫోన్ నంబరు కాగితం మీద. మీ ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆ కాగితమే దిక్కు.

మీ ఇల్లే పోతే, పిల్లలకు అది మీ నోటి నుంచే తెలియాలి. "పెద్దవాళ్ళ మాటలు, నువ్వు ఆడుకో" అనకండి. పెంపుడు కుక్క గానీ పిల్లి గానీ దొరక్కపోతే "పొలానికి పంపాం" లాంటి కథలు వద్దు. మీకు ఏడుపొస్తే వాళ్ళ ముందు ఏడవడంలో తప్పులేదు. "నాన్నకు బాధగా ఉంది, కాసేపట్లో తేరుకుంటాడు" అని చెబితే వాళ్ళకు అర్థమవుతుంది.

8. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

మొదటి వారాల్లో నిద్ర చెడడం, కడుపునొప్పి, అమ్మను వదలకపోవడం మామూలే. నెల దాటినా తగ్గకపోతే, స్కూలుకు వెళ్ళనని మొండికేస్తే, ఇష్టమైన ఆటలన్నీ మానేస్తే పిల్లల డాక్టర్‌తో గానీ స్కూల్ కౌన్సెలర్‌తో గానీ మాట్లాడండి. కౌన్సెలింగ్ అనగానే "మా పిల్లకేం పిచ్చా?" అనే పెద్దవాళ్ళుంటారు. కాలు విరిగితే కట్టు కట్టించమా అని ఒక్కమాటలో తేల్చేయండి. విపత్తుల కోసమే పెట్టిన హెల్ప్‌లైన్ 1-800-985-5990 రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, వేరే భాషలవాళ్ళకు దుబాసీ సాయం కూడా అడగొచ్చు. చచ్చిపోవాలని ఉందన్న మాట పిల్లల నోట వస్తే ఆ క్షణమే 988కు ఫోన్ చేయండి.

9. మూడో నెల, ఏడాది, భోగి

మొదటి వారం భోజనాలు ఎక్కువై పారేస్తారు. మూడో నెలలో ఎవరూ ఫోన్ చేయరు. మీ ఫోన్ క్యాలెండర్‌లో మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల రిమైండర్ పెట్టుకోండి. ఏఎల్ఈ ఎంత వాడారు, ఎప్పటిదాకా వస్తుంది, పొడిగింపు అడిగారా అని కనుక్కోండి. ఉగాదికి పిలవండి. రాలేమంటే పచ్చడి పంపి ఊరుకోండి.

నిప్పుతో ముడిపడ్డ మన పండుగలు, తంతులు ఈ పిల్లలకు కష్టంగా ఉండొచ్చు. కర్పూర హారతి దగ్గర వెనక్కి తగ్గే పిల్లను ముందుకు తోయకండి. గృహప్రవేశంలో హోమం ఉంటే పొగ అలారం మోగకముందే పిల్లలకు చెప్పండి. అన్నిటికంటే పెద్దది భోగి. 2025లో భోగి జనవరి 13న, ఆల్టడీనా ఇంకా కాలుతుండగా వచ్చింది. ఇక ప్రతి ఏటా ఆ మంటల వార్షికం, భోగి వారం తేడాలో పడతాయి, ఆ రోజుల్లోనే శాంటా ఆనా గాలులూ వీయొచ్చు. రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక (పొడి గాలులకు మంటలు చెలరేగే ప్రమాదం ఉందన్న అధికారిక హెచ్చరిక) ఉన్న రోజున దక్షిణ కాలిఫోర్నియాలో పెరట్లో గానీ పార్కులో గానీ భోగిమంట వేయడం ఎలాగూ కుదరని పని. అసోసియేషన్ వాళ్ళు అనుమతి తీసుకుని మంట వేస్తున్నా, ఇల్లు పోయిన కుటుంబాన్ని పిలిచేటప్పుడే మంట ఉంటుందని, ఏ వేళకు వేస్తారని చెప్పండి. భోగిపళ్ళు మంట కనిపించని లోపలి గదిలో పోయండి. పిల్లను బయటికి వస్తావా, ఇక్కడే ఉంటావా అని అడగండి. ఉంటానంటే ఒక పెద్దమనిషి తోడుండేలా ముందే మాట్లాడుకోండి.